వేసవి తొలినాళ్ల సముద్ర వేట, విరామ కాలం: మెట్ట మండలాల విస్తరణకు కొన్ని పాఠాలు

సారాంశం

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు సాగే సముద్ర వేట, ఆ వెంటనే అమలయ్యే 61 రోజుల నిషేధం ఒకే ఉత్పత్తి వ్యవస్థలోని రెండు దశలు. వేసవి ఆరంభంలో తీర జలాల స్థితి, వేట విధానాలు, విరామం వెనుక ఉన్న జీవశాస్త్ర తర్కం, దాని పరిమితులు, ఆ భారం ఎవరిపై పడుతున్నదన్న అంశం ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి. తీరానికి దూరంగా ఉన్న పల్నాడు జిల్లా నూజెండ్ల వంటి మెట్ట మండలాలకు ఈ వ్యవస్థతో గల సంబంధం ఎండుచేపలు, మిరప ఆరబోత, నేల–నీటి సంరక్షణ అనే మూడు కోణాల నుంచి వివరించబడింది.

కీలక పదాలు: సముద్ర వేట, వేట నిషేధ కాలం, తీర ఉద్వేలనం, ఎండుచేపలు, గుండ్లకమ్మ, విస్తరణ

ప్రస్తావన

నూజెండ్ల మండలం పేరు వినగానే వ్యవసాయ విద్యార్థికి కంది, పత్తి, మిరప, వర్షాధార సాగు గుర్తుకు వస్తాయి గాని సముద్రం గుర్తుకు రాదు. అయినా బంగాళాఖాతం ఈ మండలానికి తూర్పున వంద కిలోమీటర్ల లోపే ఉన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు నూజెండ్ల, నిజాంపట్నం రేవు రెండూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఆ రోజున నూజెండ్ల పల్నాడు జిల్లాలోకి, నిజాంపట్నం బాపట్ల జిల్లాలోకి చేరాయి. ఫలితంగా పల్నాడు తీరంలేని జిల్లా అయింది. జిల్లా సరిహద్దు మారినంత మాత్రాన సంతకు వచ్చే ఎండునెత్తళ్ల దారి మారలేదు, వాగు పారే దిక్కు మారలేదు. ఒక జిల్లా అధికారులు మెట్టను, మరొక జిల్లా అధికారులు రేవును చూస్తున్నప్పుడు ఈ రెండింటి నడుమ ఉన్న సంబంధం ఎవరి పనీ కాకుండా పోయే ప్రమాదమున్నది.

రాష్ట్ర తీరరేఖ దీర్ఘకాలం 974 కి.మీ.గా లెక్కకు వచ్చింది. ఇటీవలి కొలతలలో అది 1,053 కి.మీ.కు సవరించబడింది. ఈ తీరం పొడవునా వాడబలిజ, జాలరి, పల్లెకారు, పట్టపు మొదలైన సముదాయాలు తరతరాలుగా వేటపై ఆధారపడి జీవిస్తున్నాయి.

వేసవి ఆరంభంలో సముద్ర స్థితి

ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు నాటికి బలహీనపడతాయి. జనవరి, ఫిబ్రవరి మాసాలలో సముద్రం నెమ్మదిస్తుంది. ఫిబ్రవరి నుంచి తూర్పు తీర ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతూ మార్చి, ఏప్రిల్ నెలలలో బలపడుతుంది. మార్చి నుంచి నైరుతి దిక్కు గాలులు తీరానికి దాదాపు సమాంతరంగా వీస్తాయి. సాయంకాలం మెట్ట పల్లెలకు సైతం ఉపశమనమిచ్చే పైరగాలి ఈ కాలపు సముద్రపు గాలియే.

ఆంధ్ర తీరం స్థూలంగా నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉన్నది. నైరుతి గాలి ఈ తీరం వెంబడి వీచినప్పుడు, భూభ్రమణ ప్రభావం వల్ల ఉపరితల నీరు గాలి దిశకు కుడివైపునకు, అనగా తీరం నుంచి లోసముద్రం వైపు తొలగుతుంది. తొలగిన నీటి స్థానాన్ని భర్తీ చేయడానికి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దీనినే తీర ఉద్వేలనం అంటారు. 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు ఇ.సి. లాఫండ్, ఆయన సహచరులు వాల్తేరు తీరంలో ఈ ప్రక్రియను పరిశీలించి గ్రంథస్థం చేశారు.

వ్యవసాయ విద్యార్థికి దీని ప్రాధాన్యం సులభంగానే బోధపడుతుంది. ఎండ తగిలే పైపొరలో వెలుతురు సమృద్ధిగా ఉంటుంది గాని నత్రజని, భాస్వరం, సిలికా త్వరగా హరించుకుపోతాయి. అడుగుపొరలో పోషకాలుంటాయి గాని వెలుతురు ఉండదు. బంగాళాఖాతంలో నదుల మంచినీరు పైన తేలి ఒక మూతవలె పనిచేయడం వల్ల ఈ రెండు పొరలు సులభంగా కలవవు. వేసవి ఆరంభంలో నదీ ప్రవాహం కనిష్ఠంగా ఉండి, గాలి అనుకూలించినప్పుడు ఇరుకైన తీర పట్టీలో పోషకాలు వెలుతురును చేరుకుంటాయి. అక్కడ వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. వాటిని జంతు ప్లవకాలు, ఈ రెండింటిని నెత్తళ్లు, కవళ్లు, వీటిని వంజరం వంటి పెద్ద చేపలు ఆహారంగా స్వీకరిస్తాయి. అయితే ఇది అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవన కాలంలో కనిపించేటంత బలమైన ఉద్వేలనం కాదు. స్థలాన్ని, సంవత్సరాన్ని బట్టి దీని తీవ్రత మారుతుంది. ఏప్రిల్ చివరికి ఉపరితల ఉష్ణోగ్రత 29–30 డిగ్రీల సెల్సియస్‌కు చేరి నీటి పొరలు మళ్లీ గట్టిగా విడిపోతాయి.

1999లో హైదరాబాదులో నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాల ఆధారంగా చేపలు లభించగల ప్రాంతాల సూచనలను మత్స్యకారులకు అందజేస్తున్నది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచులలో ప్లవకాలు, వాటి వెంట చేపలు గుమిగూడతాయన్న సూత్రమే ఈ సూచనలకు మూలం.

పడవలు, వలలు, చేపలు

వేసవి తొలినాళ్లలో మూడు రకాల వేట పక్కపక్కనే సాగుతుంది. మొదటిది ఒడ్డు నుంచి లాగే అలివి వల. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజులలో పడవతో వలను అర్ధచంద్రాకారంగా వదిలి, రెండు కొసలను ఒడ్డున ఉన్న మనుషులు లాగుతారు. నెత్తళ్లు, కవళ్లు, చిన్న రొయ్యలు ఇందులో పడతాయి. రెండవది ఇంజను అమర్చిన ఫైబర్ పడవలతో చేసే వేట. వేకువకు ముందే బయలుదేరి, కానాగంతలు, వంజరం, చందువల కోసం చేప మొప్పలు చిక్కుకునే వలలు వేసి, పొద్దెక్కేసరికి తిరిగివస్తారు. మూడవది నిజాంపట్నం, మచిలీపట్నం, కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల నుంచి వెళ్లే మర పడవల వేట. ఇవి రోజుల తరబడి సముద్రంలోనే ఉండి ట్రాల్ వలలతో అడుగున ఉండే రొయ్యలను, చేపలను పడతాయి.

తీరానికి దగ్గరి జలాలను 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద సంప్రదాయ పడవలకు కేటాయించారు. 8 కి.మీ. లోపలికి మర పడవలు రాకూడదు. నియమం కాగితంపై స్పష్టంగానే ఉన్నా, రొయ్యలు తీరానికి దగ్గరగా దొరికే కాలంలో ఈ గీత దాటడం చిన్న పడవల వలలకు నష్టం కలిగించి తగవులకు దారితీస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇదే తీరంలో గుడ్లు పెడతాయి. కాబట్టి ట్రాల్ వలకు తాబేళ్లు తప్పించుకునే సాధనం అమర్చుకోవడం ఈ నెలలలో మరింత అవసరం.

61 రోజుల విరామం: నిబంధన, శాస్త్రం

తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు వేట నిషేధం అమలవుతున్నది. లోగడ తూర్పు తీరంలో 45 రోజులుగా ఉన్న విరామాన్ని 2015లో 61 రోజులకు పొడిగించారు. ఆంధ్రప్రదేశ్‌లో మర పడవలకు, ఇంజను అమర్చిన పడవలకు ఇది వర్తిస్తుంది. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నది.

ఈ విరామానికి సాధారణంగా చెప్పే కారణం చేపలు గుడ్లు పెట్టే కాలమన్నది. ఇది పాక్షిక సత్యం మాత్రమే. ఉష్ణమండల సముద్రంలో వందలాది జాతులు కలిసి జీవిస్తాయి. వాటిలో పలు జాతులు ఏడాదిలో చాలా నెలల పాటు, విడతలు విడతలుగా గుడ్లు పెడతాయి. ఏ రెండు నెలలను ఎంచుకున్నా కొన్ని జాతులకు మేలు ఎక్కువ, మరికొన్నింటికి తక్కువ జరుగుతుంది. విరామం వల్ల అన్ని జాతులకు సమకూరే ప్రయోజనం వేరొకటి ఉన్నది. అది పిల్ల చేపకు పెరిగే వ్యవధి దొరకడం.

చేప బరువు దాని పొడవు యొక్క ఘనానికి దాదాపు అనులోమంగా పెరుగుతుంది. 10 సెం.మీ. చేప 12.6 సెం.మీ.కు ఎదిగితే పొడవు నాలుగో వంతు పెరిగినట్లు కనిపించినా బరువు రెట్టింపవుతుంది. ఉదాహరణకు, ఒక్కొక్కటి 10 గ్రాముల చొప్పున 100 పిల్ల చేపలున్నాయని, విరామంలో వాటిలో 30 సహజంగానే చనిపోయాయని, మిగిలినవి 20 గ్రాములకు చేరాయని అనుకొందాం. ముందే పడితే లభించేది 1,000 గ్రాములు, ఆగి పడితే 1,400 గ్రాములు. పెద్ద చేపకు ధర కూడా ఎక్కువ కాబట్టి రాబడిలో తేడా ఇంకా పెరుగుతుంది. పాలకంకి దశలో వరిని కోయని రైతు ఆచరించే లెక్క ఇదే.

ఏప్రిల్, మే నెలలలో తుపాను ప్రమాదం తగ్గించడం విరామం వల్ల కలిగే మరొక ప్రయోజనం. 1979 మే, 1990 మే తుపానులు ఆంధ్ర తీరానికి కలిగించిన నష్టం విదితమే. 2022 మేలో అసని తుపాను కూడా మచిలీపట్నం ప్రాంతంలోనే తీరాన్ని తాకింది.

పరిమితి ఎక్కడున్నది? విరామంలో మిగిలిన చేపను జూన్ 15 తరువాత ఎలా పడుతున్నారన్న దానిలో ఉన్నది. చైనా 1995లో తూర్పు చైనా సముద్రంలో, 1999లో దక్షిణ చైనా సముద్రంలో వేసవి నిషేధం ప్రవేశపెట్టింది. నిషేధం ముగిసిన వెంటనే అన్ని పడవలు ఒకేసారి బయలుదేరడంతో, పెరిగిన నిల్వ కొద్ది నెలలలోనే కరిగిపోతున్నదని అక్కడి అనుభవం తెలిపింది. కేరళ 1988 నుంచి వర్షాకాలపు ట్రాలింగ్ నిషేధాన్ని అమలు చేస్తూనే, 2015లో 14 జాతులకు పట్టదగిన కనిష్ఠ పరిమాణాన్ని నిర్ణయించి, తరువాత ఆ జాబితాను విస్తరించింది. విరామానికి తోడు వల కన్ను పరిమాణంపై అదుపు ఉంటేనే ఫలితం నిలుస్తుందన్నది ఈ రెండు అనుభవాల సారం. ట్రాల్ వల చివరి సంచికి 40 మి.మీ. చతురస్ర కన్ను ఉండాలని మత్స్య సాంకేతిక పరిశోధన సూచిస్తున్నది. ఈ ఆకారంలో కన్ను, లాగినప్పుడు మూసుకుపోక, పిల్ల చేపకు బయటపడే దారినిస్తుంది.

విరామ భారం ఎవరిపై?

నిషేధ కాలంలో సముద్రంపై వేటకు వెళ్లే కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో రూ. 4,000 నుంచి రూ. 10,000కు, 2025లో రూ. 20,000కు పెరిగింది. 61 రోజులకు పంచితే ప్రస్తుత భృతి కుటుంబానికి రోజుకు సుమారు రూ. 328. ఇది గతం కంటే మెరుగైనదే. కాని లెక్క ఇంతటితో ముగియదు.

పడవపై రాబడి వాటాల పద్ధతిలో పంపిణీ అవుతుంది. ఇంధనం, మంచు ఖర్చులు తీసివేశాక మిగిలినదానిలో పడవ, వల యజమానికి ఒక వాటా, పనివారికి తక్కిన వాటాలు దక్కుతాయి. వేట లేని రోజున వాటా లేదు. భృతి సకాలంలో చేతికందకపోతే వ్యాపారి వద్ద ముందుగా సొమ్ము తీసుకోవలసి వస్తుంది. ఆ సొమ్ము వడ్డీతో తీరడం కంటే, చేపను ఆ వ్యాపారికే అతడు చెప్పిన ధరకు అమ్మే కట్టుబాటుతో తీరడం ఎక్కువ. అనగా ఏప్రిల్‌లో చేసిన అప్పు, జూన్‌లో పెరిగిన చేప ధరను నిర్ణయిస్తుంది. ఆగి పట్టినందువల్ల వచ్చే అదనపు విలువ, ఆగినవారికి దక్కకుండా పోయే మార్గమిదే. భృతి మొత్తం ఎంత ముఖ్యమో, అది అందే తేదీ అంతే ముఖ్యం.

రెండవ అంశం మహిళలకు సంబంధించినది. భృతికి లెక్క పడవ ఎక్కేవారి ఆధారంగా జరుగుతుంది. ఒడ్డున చేపను వేరుచేసేవారు, ఉప్పు పట్టించేవారు, ఎండబెట్టేవారు, గంపతో ఊరూరా అమ్మేవారు అధికంగా స్త్రీలు. పడవ ఆగితే వారి పనీ ఆగుతుంది. వితంతువులు, పడవపై పనిచేసే పురుషుడు లేని ఇంటివారు ఈ లెక్క వెలుపలే మిగులుతారు. వేసవి తొలినాళ్లలో వారు ఎండబెట్టి దాచుకున్న చేపయే విరామంలో వారి ఆధారం. కాబట్టి ఎండుచేప నాణ్యత రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, అది రెండు నెలల జీవనాధారానికి సంబంధించినది.

కళ్లంలో మిరప, ఇసుకలో నెత్తళ్లు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పల్నాడు కళ్లాలలో మిరప ఆరుతున్న రోజులలోనే తీరపు ఇసుకలో నెత్తళ్లు, కవళ్లు ఆరుతుంటాయి. ఇక్కడ రెండు వృత్తుల వారు ఎదుర్కొనే సమస్య ఒకటే: నేలపై ఆరబోసిన సరుకులోని తేమను త్వరగా, సమంగా, శుభ్రంగా తగ్గించడం. పండు మిరపలోనూ, తాజా నెత్తళ్లలోనూ బరువులో అధిక భాగం నీరే. నిల్వకు మిరపను 10–11 శాతం తేమకు తీసుకురావాలి. ఉప్పు పట్టించని చిన్న చేపలను 15 శాతం లోపునకు తెస్తే బూజు బెడద తగ్గుతుంది.

నేలపై ఆరబోసిన మిరప రాత్రి మంచుకు తడిస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ఇసుకపై ఆరబోసిన చేపకు ఇసుక అంటుకోవడంతో పాటు, అడుగువైపు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. రెండింటికీ నివారణ నేల నుంచి ఎత్తులో, గాలి ఆడేలా అమర్చిన వల లేదా జల్లి పందిరి. మిరపకు పాలిథిన్ పట్టాలు, ఎత్తైన వేదికలు ప్రచారం చేసిన విస్తరణ సిబ్బందికి ఈ మెలకువ కొత్తదేమీ కాదు.

ఒక తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు వంటి చేపలను పట్టిన తరువాత ఎండలో మంచు లేకుండా ఉంచితే బాక్టీరియా చర్య వల్ల హిస్టమిన్ ఏర్పడుతుంది. ఇది వండినా, ఎండబెట్టినా పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబారడం, దురద, తలనొప్పి కలుగుతాయి. కనుక చేప నాణ్యత ఎండబెట్టే చోట కాదు, పడవలోనే నిర్ణయమవుతుంది. వేసవిలో చేపకు సమాన బరువుగా మంచు వాడటం శ్రేయస్కరం. నిల్వలో పురుగు పడకుండా ఎండుచేపపై పురుగుమందు చల్లడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. సరైన తేమ, ఉప్పు, బిగుతైన సంచి మాత్రమే మార్గం.

మెట్ట పల్లె ఆహారంలో దీని స్థానం చిన్నది కాదు. ఎండురొయ్యలు వేసిన గోంగూర, ఎండుచేపతో వండిన వంకాయ కూలి కుటుంబానికి తక్కువ ఖర్చులో మాంసకృత్తులనిచ్చే వంటకాలు. ఎముకలతో సహా తినే నెత్తళ్లు సున్నాన్ని కూడా అందిస్తాయి.

మెట్ట నుంచి మొగ వరకు

నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, వినుకొండ–నూజెండ్ల ప్రాంతం గుండా సాగి, మల్లవరం వద్ద జలాశయాన్ని చేరి, ఒంగోలు ప్రాంతంలో సముద్రంలో కలుస్తుంది. నది సముద్రంలో కలిసే చోటును తీరవాసులు మొగ అంటారు. మొగలో మంచినీరు, ఉప్పునీరు కలిసిన మడుగులు రొయ్య పిల్లలకు, అనేక చేప పిల్లలకు పెంపక స్థలాలు. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్ల మొగ ద్వారా లోపలికి వచ్చి పెరిగి తిరిగి సముద్రానికి వెళుతుంది. వేసవిలో నదీ ప్రవాహం ఆగినప్పుడు అలలు తెచ్చిన ఇసుక చిన్న మొగలను పూడుస్తుంది. అప్పుడు పడవకూ, రొయ్య పిల్లకూ దారి మూసుకుపోతుంది.

మెట్టలో వర్షం కురిసినప్పుడు కొట్టుకువచ్చే మట్టి, నత్రజని, మందుల అవశేషాలు చివరికి చేరేది ఈ మడుగులకే. వాలుకు అడ్డంగా వేసవి దుక్కి, గట్లు, నీటి కుంటలు, మోతాదు మించని ఎరువులు, మందులు రైతు పొలానికి మేలు చేసే పద్ధతులుగా బోధించబడుతున్నాయి. అవి మొగలోని పెంపక స్థలాన్ని కూడా కాపాడతాయన్న వాక్యాన్ని ఆ బోధనకు జోడించవలసి ఉన్నది. విరామ కాలంలో సముద్రంపై వేట ఆపి, పెంపక స్థలాన్ని నిర్లక్ష్యం చేస్తే, విత్తనం దాచి నారుమడిని ఎండబెట్టినట్లవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. మిరప ఆరబోతపై జరిపే శిక్షణలో తీరపు ఎండుచేప ఉత్పత్తిదారులను, ఎండుచేప శిక్షణలో మిరప రైతులను కలపాలి. రెండు జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్య శాఖ దీనిని ఉమ్మడిగా నిర్వహించవచ్చు.
2. ఎండుచేప శిక్షణ డిసెంబరు, జనవరి నెలలలోనే పూర్తికావాలి. ఏప్రిల్‌లో ఇచ్చే శిక్షణ ఆ ఏటి సరుకుకు అక్కరకు రాదు.
3. వారపు సంతలలో ఎండుచేప కొనేవారికి తేమ, ఇసుక, వాసన, రంగు చూసి నాణ్యతను గుర్తించడం నేర్పాలి. నాణ్యతకు ధర ఇచ్చే కొనుగోలుదారు ఉంటేనే ఉత్పత్తిదారు పందిరిపై పెట్టుబడి పెడతారు.
4. నిషేధం ఉద్దేశాన్ని గుడ్లు పెట్టే కాలం అన్న ఒక్క మాటతో కాక, బరువు పెరుగుదల లెక్కతో వివరించాలి. మత్స్యకారుడు తాను చూసిన దానికి సరిపోలని కారణాన్ని విశ్వసించడు.
5. విరామ ప్రభావంపై చేసే సర్వేలలో పడవ పనివారితో పాటు ఒడ్డున పనిచేసే స్త్రీలను విడిగా లెక్కించాలి.

ముగింపు

వేసవిలో మెట్ట రైతు పొలాన్ని దున్ని ఖాళీగా వదులుతాడు. అది పని లేక వదిలినది కాదు, రాబోయే పంట కోసం వదిలినది. సముద్రపు విరామం కూడా అటువంటిదే. అయితే బీడుగా వదిలిన పొలంపై ఫలితం ఆ రైతుకే దక్కుతుంది. సముద్రం అందరిదీ కావడం వల్ల, ఆగినవారికే ఫలితం దక్కుతుందన్న హామీ దానంతటదే రాదు. సకాలంలో భృతి, వల కన్నుపై నియంత్రణ, తీర జలాల గీతకు గౌరవం, ఒడ్డున పనిచేసేవారికి గుర్తింపు ఉన్నప్పుడే ఆ హామీ నిజమవుతుంది. ఈ నాలుగూ లేని విరామం 61 రోజుల పస్తుగా మాత్రమే మిగిలే ప్రమాదమున్నది.

విద్యార్థులకు అభ్యాస ప్రశ్నలు

1. నైరుతి గాలి ఆంధ్ర తీరంలో ఉద్వేలనాన్ని కలిగించగా, ఈశాన్య గాలి ఎందుకు కలిగించదు? గీసి వివరించండి.
2. వ్యాసంలోని ఉదాహరణలో విరామ కాలపు సహజ మరణాలు 30 శాతానికి బదులు 60 శాతమైతే విరామం లాభకరమా? బరువు, ధర రెండింటి దృష్ట్యా చర్చించండి.
3. మీ మండలంలోని ఒక వారపు సంతలో ఎండుచేపలు ఏ రేవు నుంచి, ఎందరి చేతులు మారి వస్తున్నాయో విచారించి పటం తయారుచేయండి.